రేయో కోర్పెలా కొలత

ఓరీసియా హొలోవ్కా ఇంటి తలుపు తట్టేవాళ్ళలో సగంమంది ఒకే ప్రశ్న పట్టుకొస్తారు: "నన్ను ఏ సైజు తీసుకోమంటారు?" ఆమె దర్జీ కాదు. థండర్ బే ఊళ్ళో సిటీ బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. భర్త పోయాక ఇంటి నేలమాళిగను మంచు హాకీ జెర్సీలతో నింపేసింది. దుకాణాల్లో అభిమానుల కోసం వేలాడదీసేవి కావు అవి. ఆటగాళ్ళు ఒంటి మీద వేసుకుని మంచు మీద దిగినవి, లేదంటే వాళ్ళ కోసమే కుట్టగా వాడకుండా మిగిలిపోయినవి. వాటికి ఎల్, ఎక్సెల్ అన్న అక్షరాలుండవు. నలభై ఆరు, యాభై రెండు, యాభై ఆరు అని అంకెలుంటాయి. ఆ అంకెను నమ్మి ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుని, తీరా వచ్చాక భుజాలు దూరక తిప్పలు పడ్డవాళ్ళు చివరికి ఓరీసియా దగ్గరికి చేరతారు.

"చెప్పుల కొట్లో తొమ్మిదో నంబరు అడిగితే అన్ని కంపెనీల తొమ్మిదీ నీ కాలికి ఒక్కలా పట్టిందా?" అంటుంది ఆమె. "ఇదీ అంతే. అంకె కంపెనీవాడి మాట. నిజం చెప్పేది టేపు."

పాతకాలంలో కుట్టిన కంపెనీవి గోనెసంచుల్లా వదులుగా ఉండేవి, లోపల భుజాల కవచాలు పట్టాలి కదా. మధ్యలో వచ్చిన కంపెనీ ఒళ్ళు వెడల్పు చేసి చేతులు కురచ చేసింది. ఇప్పటి కంపెనీ నడుం దగ్గర బిగించి, ఒంటికి అంటుకునేలా కుడుతుంది. గోలు కాపలా కాసే గోలీల కోసం కుట్టేవి మరీ వేరు, చంకల కింద గబ్బిలం రెక్కల్లా ఉంటాయి. యాభై నాలుగు అన్న ఒక్క అంకె కింద ఇన్ని రకాల ఒళ్ళున్నాయి. ఈ తేడాలన్నీ ఓరీసియాకు వేళ్ళ చివర ఉంటాయి. చెప్పేటప్పుడు మొహమాటపడదు. "నీది నకిలీ" అని మొహం మీద చెప్పించుకుని మళ్ళీ ఆ గడప తొక్కనివాళ్ళు ఊళ్ళో కొందరున్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కర్టిస్ కోర్పెలా వచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఇళ్ళలో ఫర్నేసులు బాగుచేస్తాడు. గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని, చంకలో దిండు గలీబులో చుట్టిన మూటతో లోపలికి వచ్చాడు.

"మా నాన్న జెర్సీ," అన్నాడు. "ఇదే సైజుది నాకు కొత్తది కావాలండీ. ఇప్పటి కంపెనీది కొంటే ఏ నంబరు తీసుకోవాలో మీరే చెప్పగలరన్నారు."

"నీకు పట్టేది కావాలా, మీ నాన్నకి పట్టేది కావాలా?"

"ఆయనకి పట్టేది. నాకు పట్టకపోయినా పర్లేదు."

ఇన్నేళ్ళలో ఆమెను అలా అడిగినవాళ్ళు లేరు. కుర్చీ చూపించి, కాఫీ పోసి, మూట విప్పింది.

విప్పగానే గుర్తుపట్టింది. ముదురు నీలం గుడ్డ, గుండె మీద పసుపు రంగులో పొగ చిమ్మే చిన్న లాగుడు పడవ బొమ్మ, వీపున పదిహేడు. లేక్‌హెడ్ టగ్స్. ఆ టీము చెదిరిపోయి ముప్పై అయిదేళ్ళు. చివరి ఏడాది వాళ్ళు వేసుకున్న జెర్సీల్లో చాలావరకు ఓరీసియా నేలమాళిగలోనే ఉన్నాయి. పదిహేడు మాత్రం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఆ పదిహేడు వేసుకున్న రేయో కోర్పెలా ఆటను ఆమె బస్సు డ్యూటీ దిగి వచ్చి, నిలబడి మరీ చూసేది. కొండలాంటి మనిషి. అతను గోడ దగ్గర ఎవరినైనా గుద్దితే పై వరసల్లో కూడా అదురు తెలిసేది. ఆ చివరి వసంతంలోనే చేపల వేటకు మంచు మీద వెళ్ళి, మంచు కుంగి సరస్సులో పోయాడు.

"నువ్వు కోర్పీ కొడుకువా?" అంది. ఆటలో అతన్ని అందరూ కోర్పీ అనే పిలిచేవాళ్ళు.

"అవునండీ. ఆయన పోయేటప్పటికి నాకు నాలుగేళ్ళు." కర్టిస్ కప్పు చుట్టూ చేతులు పెట్టుకున్నాడు. "వచ్చే నెల పాత టగ్స్ వాళ్ళంతా కలుస్తున్నారు కదా. పోయినవాళ్ళ బదులు పిల్లలు వాళ్ళ జెర్సీ వేసుకుని మంచు మీదకి రావాలన్నారు. ఇది చలికోటు మీద వేసుకుందామంటే చంకల్లో పట్టేస్తోంది, భుజాలు కదలవు. అక్కడే నాకు అర్థం కాదు. మా నాన్న గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాల్సొచ్చేదని ఊరంతా చెబుతారు. నేను చూడండి, మామూలు మనిషిని. ఆయన చొక్కా నాకు ఇరుకేంటి?"

ఓరీసియా చొక్కా మెడ తిప్పి లేబుల్ చూసింది.

"చిన్నపిల్లాడి కళ్ళకి నాన్నెప్పుడూ పెద్దగానే కనబడతాడు. పోయినవాళ్ళని నలుగురూ ఓ మెట్టు పెంచి చెప్తారు. అంతేనేమో అనుకున్నా," అన్నాడు. "అందుకే లేబుల్ మీదున్న సైజు తీసుకుంటే చాలనుకున్నా. యాభై నాలుగు అని ఉంది."

ఓరీసియా బల్ల తుడిచి, జెర్సీని వెల్లకిలా పరిచి, ముడతలు అరచేత్తో సర్ది, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా టేపు లాగింది. ఇరవై నాలుగు అంగుళాలు. మళ్ళీ లాగింది. అంతే. లేచి వెళ్ళి అల్మరాలోంచి అదే టీముది, అదే ఏడాదిది, అదే కంపెనీ యాభై నాలుగు తెచ్చి పక్కన పరిచింది. ఇరవై ఏడున్నర. పక్కపక్కన పెడితే తండ్రి పక్కన కొడుకు పడుకున్నట్టుంది.

ఆ తరువాత ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని కుట్లు చూడటం మొదలుపెట్టింది. మోచేతుల దగ్గర ఆటగాళ్ళ జెర్సీకి రెండు పొరలుంటాయి. దీనికి ఒకటే పొర. వీపు లోపల అడుగున కొట్లాట పట్టీ ఉంది. తగాదాలో అవతలివాడు చొక్కాను తల మీంచి లాగెయ్యకుండా నిక్కరుకు బిగించుకునే పట్టీ అది. ఉండటానికి ఉంది కానీ, ఇంట్లో మిషను మీద నూలు దారంతో కుట్టినది. లేబుల్ చుట్టూ పాత సూది రంధ్రాలు ఒక వరస, ఇప్పటి కుట్టు ఇంకో వరస. అయినా లేబుల్ అసలుదే. టీము సామాన్లు చూసుకునే మనిషి నల్లసిరాతో రాసిన రెండక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి, ఆ దస్తూరీ మిగతా జెర్సీల మీద కూడా చూసింది. పడవ బొమ్మా అసలుదే. దాని మీద రబ్బరు బిళ్ళ తగిలిన నల్లటి మచ్చలు, కర్ర గీరిన చారలు. పదిహేడూ అసలుదే.

వేరే రోజైతే ఒక్క మాటలో తేల్చేసేది. లేబుల్ మార్చారంటే మోసం, వాళ్ళ లోకంలో దానికి రెండో అర్థం లేదు. కానీ ఎదురుగా కూర్చున్నవాడు జెర్సీ అమ్మడానికి రాలేదు.

"ఇది నీకు ఎవరిచ్చారు నాయనా?"

"ఐతి. మా అమ్మ. ఆయన పోయిన వేసవిలో నా మంచం మీద పెట్టింది. మీ నాన్నది, జాగ్రత్తగా ఉంచుకో అంది. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. ఆ సంగతులు మాట్లాడదు."

ఓరీసియా కళ్ళద్దాలు తీసింది. "నీ అనుమానం సరైందే కర్టిస్. ఈ చొక్కా మీ నాన్న ఒంటి మీద ఎప్పుడూ లేదు. ఇది అరీనా కొట్లో అభిమానులకి అమ్మిన రకం. అందులో పెద్ద సైజు. కానీ దీని మీదున్న బొమ్మ, అంకె, పేరు, లేబుల్, ఇవన్నీ మీ నాన్నవే."

అతను ఆ రెండు జెర్సీల వంకా మార్చి మార్చి చూశాడు. "అంటే నకిలీ అంటారు."

"నకిలీ చేసేవాడు అసలు చొక్కా సంపాదించి దాని మీద దొంగ బొమ్మ అంటిస్తాడు. ఇక్కడ తిరగేసి ఉంది. బొమ్మ అసలుది, చొక్కా కొట్లోది. అమ్ముకునేవాడు ఇంత తెలివితక్కువ పని చెయ్యడు. ఇంకేదో కారణం ఉంది."

"ఐతి నాతో అబద్ధం చెప్పింది."

"నాకు తెలీదు. అడుగు."

"నేను అడగలేను." తల దించుకునే అన్నాడు. "మీరు రండి. ఆదివారం నేనే తీసుకెళ్తా. మీ దగ్గర కొలతలున్నాయి, నా దగ్గర ఉత్త అనుమానమే ఉంది."

ఓరీసియా పరాయి ఇంటి గుట్టులో తల దూర్చే మనిషి కాదు. వద్దనే చెప్పాలనుకుంది. కానీ పదిహేడు తాలూకు అసలు చొక్కా ఎక్కడుందో తెలుసుకోవాలన్న ఆశ కూడా ఒకటి మనసులో మెదిలింది. ఆ సంగతి ఆమె తనకు తానే ఒప్పుకుంది. "సరే," అంది.

ఆదివారం బయల్దేరేటప్పుడు, పక్కన పరిచి చూపించిన ఆ యాభై నాలుగును కూడా చుట్టి పట్టుకుంది. అది లాయిడ్ టెస్సియేది, నంబరు ఇరవై రెండు. రేయో పక్కనే ఆడేవాడు, ఇంచుమించు అదే ఒళ్ళు. ఇల్లు దాటించని వస్తువు అది.

హెల్వి కోర్పెలా ఊరికి దూరంగా లాప్పేలో ఉంటుంది. చుట్టూ స్ప్రూస్ చెట్లు, పెరట్లో ఆవిరిస్నానానికి సౌనా గది, వాకిట్లో గీత గీసినట్టు ఎత్తిపోసిన మంచు. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. ఓరీసియాను లోపలికి రమ్మని, కొడుకు కోటు తీసి కొక్కానికి తగిలించి, యాలకులు వేసిన పుల్లా అనే తియ్య రొట్టె కోసి పెట్టింది. కాఫీ రెండో కప్పు వచ్చేదాకా వాతావరణం, రోడ్లు, చెరువు మీద మంచు మందం తప్ప వేరే మాట లేదు. ఆ ఫిన్నిష్ ఇళ్ళల్లో అసలు మాట రెండో కప్పుకు ముందు రాదని ఓరీసియాకు తెలుసు.

అప్పుడు కర్టిస్ మూట విప్పి బల్ల మీద పెట్టాడు. హెల్వి దాన్ని చూసింది. ఓరీసియా చేతిసంచిలోంచి తొంగిచూస్తున్న టేపునూ చూసింది.

"కొలిచారా?"

"కొలిచాను," అంది ఓరీసియా.

"ఎంతొచ్చింది?"

"ఇరవై నాలుగు."

హెల్వి తల ఊపింది. "కొట్లో అంతకంటే పెద్దది లేదు," అంది.

కర్టిస్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. హెల్వి ఇంకో రొట్టెముక్క కోసి, ఎవరి పళ్ళెంలోనూ పెట్టకుండా చేతిలోనే పట్టుకుని చెప్పింది.

"ఆ ఏడాది చివరి ఆట. మూడో భాగంలో డలూత్ టీమువాడెవడో మీదపడ్డాడు. మీ నాన్న పట్టీ గట్టిగా బిగించుకునే రకం. వాడు లాగితే చొక్కా తల మీంచి రాలేదు, మెడ దగ్గర్నుంచి కింద దాకా చిరిగింది. చెయ్యి ఒకటి ఊడొచ్చింది. నెత్తురు వేరే. టీమువాళ్ళు పారెయ్యబోతే, మా హెల్వి కుడుతుందని ఇంటికి పట్టుకొచ్చాడు. నేను ఉతికి ఆరేశాను. రేపు కుడతాలే అన్నాను. ఆ వారంలోనే ఆయన సరస్సు మీదకి వెళ్ళాడు."

ఆమె గొంతు మారలేదు. వంట సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

"తర్వాత కుట్టబోతే గుడ్డ నిలవలేదు. జల్లెడ గుడ్డ కదా, ఒకచోట కుడితే ఇంకోచోట విడిపోయింది. వీడేమో రోజూ ఇసా చొక్కా, నాన్న చొక్కా అని నా వెనకాలే. చింపులు ఎలా చూపించను? అరీనా కొట్టుకెళ్ళి అన్నిట్లోకీ పెద్దది ఇమ్మన్నాను. బొమ్మ, అంకె, పేరు విప్పి దాని మీద కుట్టాను. లేబుల్ కూడా. దాని మీద ఆయన పేరు అక్షరాలున్నాయి కదా. పట్టీ కూడా విప్పి వేశాను. పూర్తయ్యాక చూస్తే చిన్నదే అనిపించింది. నాలుగేళ్ళవాడికి అదే దుప్పటంత ఉంది, పర్లేదులే అనుకున్నా."

"ఎందుకు చెప్పలేదు ఐతీ?" అన్నాడు కర్టిస్.

"నువ్వు అడగలేదు."

"నాకు నాలుగేళ్ళు."

"తర్వాత ముప్పై అయిదేళ్ళు కూడా అడగలేదుగా." ఆ మాట అని, ఆమె మొదటిసారి కొడుకు మొహం వంక సూటిగా చూసింది. "నువ్వు దాన్ని వేసుకునేంత పెరుగుతావని నాకు తోచలేదురా. అప్పుడు నాకేమీ తోచలేదు. నీకు నిండు చొక్కా ఒకటి ఉండాలి, అంతే తోచింది."

కర్టిస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అతనికి కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో వెనక నుంచి చూస్తే తెలియలేదు. ఓరీసియా అడగకూడదనుకుంటూనే అడిగింది.

"ఆ చిరిగింది... ఇంకా ఉందాండీ?"

"ఉంది. రండి."

హెల్వి ఆమెను పడకగదిలోకి తీసుకెళ్ళింది. పెట్టె తెరుస్తుందని, అటక మీంచి ఏదో దింపుతుందని ఓరీసియా అనుకుంది. హెల్వి మంచం పక్కన ఆగి నేల చూపించింది. అక్కడ గుడ్డపీలికలతో మగ్గం మీద నేసిన పొడుగాటి చాప పరిచి ఉంది. ఆ చుట్టుపక్కల ఫిన్నిష్ ఇళ్ళన్నిట్లో ఉండేలాంటిదే. దుప్పట్లు, పరదాలు, పాత గౌన్లు పీలికలై పక్కపక్కన చారలుగా సర్దుకున్నాయి. మధ్యలో ముదురు నీలం పట్టీలు, వాటి మధ్య అక్కడక్కడ చొక్కా అంచుల పసుపు మెరుపు.

"మా అమ్మ పోయినవాళ్ళ బట్టలు పారెయ్యనిచ్చేది కాదు. నేసెయ్యమనేది," అంది హెల్వి. "పొద్దున మంచం దిగితే మొదటి అడుగు దీని మీదే."

ఓరీసియా ఎన్నో జెర్సీలు చూసింది. అద్దాల పెట్టెల్లో, చెక్క చట్రాల్లో, బ్యాంకు లాకర్లలో దాచినవి చూసింది. బూట్లు అప్పటికే గుమ్మంలో విడిచి ఉన్నా, ఆ చాప మీద కాలు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఒక నీలం పట్టీని వేలితో తాకింది. గట్టిగా, పేనినట్టుగా ఉంది. కొలవడానికి అందులో ఇక ఏమీ లేదు.

"బాగా నేశారు," అంది చివరికి.

"పలుచగా వచ్చింది. ఆ గుడ్డ జారుతుంది," అంది హెల్వి.

వంటగదిలోకి తిరిగి వచ్చాక ఓరీసియా తను తెచ్చిన ఇరవై రెండును బయటికి తీసింది. "కర్టిస్, ఇటు రా. ఇది మీ నాన్న సైజు. అదే ఏడాది, అదే కంపెనీ, అదే యాభై నాలుగు. మీ నాన్న కవచాల మీద వేసుకునేవాడు, నువ్వు స్వెట్టర్ మీద వేసుకో. వేసుకుని చూడు."

"మీరు దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వరని విన్నానే."

"వేసుకోమంటున్నాను కదా."

అతను తల దూర్చాడు. జెర్సీ జారి తొడల దాకా దిగింది. చేతులు వేళ్ళ చివర్లు దాటి వేలాడాయి. భుజాల కుట్లు మోచేతుల వైపు జారిపోయాయి. అన్నం కుండకు గోనెపట్టా కప్పినట్టు ఉన్నాడు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. చొక్కాకూ ఒంటికీ మధ్య ఉన్న ఖాళీని గుప్పెట్లో పట్టుకుని చూశాడు. వదిలాడు. మళ్ళీ పట్టుకున్నాడు.

"ఇంతా?" అన్నాడు.

హెల్వి దగ్గరికి వచ్చింది. కొడుకు భుజం దాటి జానెడు దూరంలో గాల్లో చెయ్యి పెట్టింది. "ఇక్కడి దాకా వచ్చేది భుజం. అది కవచాలు పెట్టుకోకుండానే."

"అయితే వాళ్ళు చెప్పింది నిజమేనన్నమాట."

"నిజం కాకపోతే ఏంటి? సౌనాలో పై బెంచీ ఎవరు విరగ్గొట్టారనుకున్నావ్, పిల్లులా?"

అతను నవ్వాడు. నవ్వుతూనే ఆ పొడుగాటి చేతితో కళ్ళు తుడుచుకోబోయి, అది ఎవరిదో గుర్తొచ్చి ఆగి, ఓరీసియా వంక చూశాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. "తుడుచుకో," అంది. "దాని మీద అంతకంటే పాడు మరకలున్నాయి."

తిరిగి వచ్చేటప్పుడు అతను అడిగాడు, ఇప్పటి కంపెనీదైతే ఏ నంబరు కొనాలని. "యాభై ఎనిమిది తీసుకున్నా నడుం దగ్గర ఇది కాదు," అంది ఆమె. "ఆ కోతే వేరు. వెడల్పు వస్తే పొడవు రాదు. పొడవొస్తే చేతులు రావు." ఇంటికి రాగానే బీరువా తెరిచింది.

టగ్స్ చివరి ఏడాది జెర్సీల్లో ఒకటి ఆమె దగ్గర బీరువా అడుగున ఉంది. నంబరు లేదు, పేరు లేదు, బొమ్మ కూడా లేదు. ఉన్నట్టుండి కొత్త ఆటగాడు వస్తే అప్పటికప్పుడు కుట్టి ఇవ్వడానికి టీములు అట్టిపెట్టుకునే ఉత్త చొక్కా. సైజు యాభై నాలుగు. టీము మూతపడ్డప్పుడు చుట్టిన కాగితం కూడా విప్పలేదు. టొరంటో నుంచి, విన్నిపెగ్ నుంచి దాని కోసం అడిగినవాళ్ళున్నారు. ఇవ్వలేదు. దాన్ని తీసి మంచం మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ముట్టుకోకుండా ఉన్నదాని విలువ ముట్టుకోకుండా ఉండటంలోనే ఉందని పదిమందికి చెప్పిన మనిషి ఆమె. దీని మీద రేయో బొమ్మ, అంకె కుట్టించిందని తెలిస్తే తోటి సేకర్తలు ఏమంటారో కూడా ఆమెకు తెలుసు. పాతవాటి బొమ్మ విప్పి కొత్తదానికి అంటించడం ఆమె ఎవరినీ చేయనివ్వలేదు.

తరువాతి ఆదివారం తన కారులోనే లాప్పే వెళ్ళింది. కాగితం విప్పి హెల్వి ఒళ్ళో పెట్టింది.

హెల్వి గుడ్డను నలిపి చూసింది, మోచేతుల రెండు పొరలు వేళ్ళ మధ్య పట్టి చూసింది. "ఇది అదే."

"అదే."

"దీని మీద చెయ్యి వెయ్యడం మీవాళ్ళకి పాపం కదూ?"

"పాపమే," అంది ఓరీసియా. "ఎవరికైనా అమ్మడానికి చేస్తే పాపం. మీరు దీన్ని అమ్మరు, మీ అబ్బాయీ అమ్మడు. బొమ్మను దాని సైజు చొక్కా మీదకి చేరుస్తున్నాం, అంతే. ఒక్క షరతు. లోపలి అంచున మీ చేత్తో ఎర్రదారంతో మీ పేరు, ఈ ఏడు కుట్టాలి. మన తర్వాత ఇది ఎవరి చేతికొచ్చినా మోసపోకూడదు."

"కుడతాను. నా పేరా, ఆయన పేరా?"

"కుట్టింది మీరే కదా."

ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుని పాత కుట్లు విప్పారు. ముప్పై అయిదేళ్ళ కింద ఎంత గట్టిగా కుట్టిందో హెల్వికే ఆశ్చర్యమేసింది. "ఎవరి మీదో కోపం తీర్చుకున్నట్టు కుట్టానే," అంది. పదిహేడు ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. మిగతా జెర్సీలన్నిట్లో భుజం కుట్టుకు నాలుగు వేళ్ళ కింద ఉంటుందని ఓరీసియా కొలిచి చూపించింది. హెల్వి ఒప్పుకోలేదు.

"ఇంకా కింద."

"నా దగ్గర పద్నాలుగు చొక్కాలున్నాయి హెల్వీ. అన్నిట్లోనూ నాలుగు వేళ్ళే."

"మీ దగ్గర పద్నాలుగున్నాయి. నేను ఆ ఒక్కదాన్నీ వెనక వరసలోంచి ఎన్నోసార్లు చూశాను. పేరు పొడుగు, కోర్పెలా. సామాన్లాయన వంపు తిప్పి కుట్టేవాడు. అంకె కిందకి జరిగేది."

ఓరీసియా కొంచెంసేపు టేపు పట్టుకుని కూర్చుంది. పాత ఫోటో ఒకటి వెతికితే తేలిపోయేది. కానీ ఆమె టేపు చుట్టి సంచిలో వేసేసింది. "సరే, కిందకే కానివ్వండి," అంది. హెల్వి ఇంకో రెండు వేళ్ళు కిందకు జరిపి గుండుసూదులు పెట్టింది.

పడవ బొమ్మ కుట్టేటప్పుడు మాత్రం హెల్వి మిషను ఆపి, చేత్తో కుట్టింది. ఓరీసియా దారం ఎక్కించి ఇస్తూ కూర్చుంది. మాటల్లో మాటగా భర్త సంగతి చెప్పింది. ఆయన ధాన్యం ఓడల్లో పనిచేసేవాడని, పోయాక ఆయన కోట్లు ఎవరికో ఇచ్చేసి తరువాత చాలా బాధపడ్డానని. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. హెల్వి సూది ఆపకుండానే వింది. "ఇచ్చేస్తే ఎవరో ఒకరు వెచ్చగా ఉంటారు," అంది. "నేనే ఇవ్వలేకపోయాను."

బొమ్మలూ అంకెలూ విప్పేశాక కొట్టు చొక్కా మీద సూది గుర్తులు చుక్కలుగా మిగిలాయి. కర్టిస్ దాన్ని ఎవరికీ ఇవ్వనన్నాడు. తన చిన్నప్పటి నాన్న అదేనని, ఇరుకైతే ఏమైందని, మడిచి తన ఇంటికి పట్టుకెళ్ళాడు.

మార్చిలో పాత టగ్స్ కలిశారు. మధ్యాహ్నం పూట అరీనాలో, మంచు మీద కార్పెట్ పరిచి, ఒక్కొక్కరి పేరు పిలిచారు. కొందరు కర్రల సాయంతో నడిచి వచ్చారు. పోయినవాళ్ళ పేర్లు చదివినప్పుడు కొడుకులో, కూతుళ్ళో, ఒకచోట మనవరాలో వచ్చారు. రేయో కోర్పెలా అని పిలవగానే కర్టిస్ నడిచాడు. లోపల చలికోటు వేసుకున్నా చొక్కా వదులుగానే ఊగింది. జనం ముందు కొంచెం నవ్వారు, ఆ తరువాత చప్పట్లు కొట్టారు. నవ్వినందుకు అతనేమీ అనుకోలేదు. అంత పెద్ద చొక్కా ఎవరిదో వాళ్ళకూ గుర్తొచ్చే నవ్వారని అతనికి తెలుసు.

అదంతా అయ్యాక లాయిడ్ టెస్సియే, డెబ్భై దాటిన మనిషి, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నవాడు, ఆలూ వేపుడు పొట్లంతో వాళ్ళ బెంచీ దగ్గరికి వచ్చి హెల్వి పక్కన కూలబడ్డాడు.

"ఆటలకి వెళ్ళొచ్చే టీము బస్సులో మీ నాన్న ఏం చేసేవాడో ఎవరైనా చెప్పారా నీకు?" అన్నాడు కర్టిస్‌తో.

"లేదండీ. ఏం చేసేవాడు?"

"పాటలు పాడేవాడు. ఫిన్నిష్‌లో. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, శ్రుతి అసలుండేది కాదు. డలూత్ నుంచి ఇక్కడి దాకా. మేం ఓడిపోయిన రోజున మరీ గట్టిగా. నోరు ముయ్యమని చెప్పే ధైర్యం ఎవరికుంది?"

"ఆ పాట నేనే నేర్పాను," అంది హెల్వి. "తప్పులన్నీ ఆయనవి."

కర్టిస్ ఇంకా చెప్పమన్నాడు. టెస్సియే పొట్లం అందరి ముందూ పెట్టి చెబుతూనే ఉన్నాడు. ఓరీసియా మధ్యలో ఒకసారి రేయో వెయ్యని గోలును అతని ఖాతాలో కలిపినందుకు సరిదిద్దింది తప్ప, మిగతా అంతా వింటూ కూర్చుంది.

ముగ్గురూ ఒకే ట్రక్కులో బయల్దేరారు, హెల్వి మధ్యలో కూర్చుంది. కర్టిస్ జెర్సీ విప్పలేదు. చేతులు అడ్డొస్తుంటే మోచేతుల దాకా మడిచి స్టీరింగు పట్టుకున్నాడు. ఊరు దాటేసరికి ఆ మడతల మీద తల ఆనించి హెల్వి నిద్రపోయింది. మెలకువ వస్తుందేమోనని ఓరీసియా రేడియో గొంతు తగ్గించింది. కర్టిస్ గేరు మార్చాల్సినచోట కూడా మార్చకుండా, ఆ చెయ్యి కదలనివ్వకుండా, నెమ్మదిగా పోనిచ్చాడు.